పసికందు కంటి మెఱపు



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు పద్యములును వ్యాకరణమును బోధించి విశ్రాంతి గొన్న తెలుగు పండితుడు వైద్యవిషయమును గుఱించి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోపవచ్చును. నేను వైద్యుడను గాను. నాడి పట్టి చూచుటయు నెఱుగను. అయినను నేడు చెప్పబోవు వ్యాధియొక్క మర్మమంతయు నకలు వ్రాయుటయందును, నకలులో దొరలు తప్పులయందును ఉన్నది. తాటియాకు ప్రతులను ఒకదానితో నొకటి పోల్చి పాఠభేదములను గుర్తించుట గురువులకడ కొంత నేర్చినవాడను గనుక ఆ త్రోవనే దీనిని మీకు విన్నవించెదను. మా సుల్తానాబాదు ప్రాంతపు పెద్దలను మనసులో నుంచుకొని దీనిని వ్రాసికొంటిని. పసిబిడ్డను పట్నమునకు గొనిపోవలెనా, వలదా యని యింటిలో తుదిమాట చెప్పువారు మీరే గదా.

పిల్లలకు వచ్చు క్యాన్సరులలో కంటికి వచ్చునది యొకటి కలదు. వైద్యులు దానిని రెటినోబ్లాస్టోమా యందురు. మన పూర్వులు రాచపుండు అని భయపడిన వ్యాధి జాతిలోనిదే యిదియు. కాని ముదుసలులను వెదకికొని వచ్చునది కాదు, పాలు త్రాగు శిశువులను పట్టునది. ఐదేండ్లు నిండిన పిల్లలకు వచ్చుట మిక్కిలి యరుదు. పుట్టిన పిల్లలలో 15,000 నుండి 20,000 మందికి ఒక్కరికి ఇది కలుగునని లెక్క. ఇంత యరుదైన దానిని గుఱించి యింత ప్రసంగమేల యందురేమో. మన దేశమున పుట్టు పిల్లల సంఖ్య పెద్దది. ఏటేట సుమారు 1,500 మంది బిడ్డలకు ఇది క్రొత్తగా వచ్చుచున్నదని వైద్యుల యంచనా. మఱి యే దేశమునను ఇంతమంది లేరు.

కంటిగ్రుడ్డు వెనుక గోడకు వెలుగును పట్టు సన్నని తెర యొకటి అంటియుండును. ఆ తెరలోని లేత కణములు తమ పని ముగిసినంతనే చీలుట మానవలెను. మానక చీలుచునే పోయినచో అవి తెల్లని గడ్డయై పెరుగును. అప్పుడు నల్లగా నుండవలసిన కంటిపాప నడుమ ఒక తెల్లని మెఱపు తోచును. దీపపు వెలుతురు ప్రక్కనుండి పడినపుడు పిల్లి కన్ను వలె తళుక్కుమనును. దీనిని మొట్టమొదట చూచునది తఱచుగా తల్లియే. ఒడిలో బిడ్డకు పాలిచ్చుచుండగా ఒకానొక కోణమున నది యామెకు కనబడును. భర్తను పిలిచి చూపునప్పటికి బిడ్డ తల త్రిప్పును, మెఱపు మాయమగును. "నీ భ్రమ" యని యింటివారామె మాటను త్రోసివేయుదురు. ఆమె భ్రమపడలేదు. ఈ దినములలో చేతి ఫోనుతో మెఱపుదీపము వెలిగించి ఫోటో తీయునపుడు ఒక కంటిపాప ఎఱ్ఱగాను, రెండవది తెల్లగాను పడుటయు నీ గుఱుతే. కొందఱు బిడ్డలకు మెఱపుకంటె ముందు మెల్లకన్ను వచ్చును. మెల్లకన్ను అదృష్టమని సంతోషించు వాడుక మన యిండ్లలో నున్నది. ఆ సంతోషము పరీక్ష యైన తరువాత పడవచ్చును.

తెల్లని మెఱపెల్ల క్యాన్సరే యని నేననుట లేదు. పుట్టుకతో వచ్చు శుక్లము కావచ్చును, మఱియొక నేత్రవ్యాధి కావచ్చును, ఫోటో తీసిన కోణముననే యట్లు పడియుండవచ్చును. ఏది యేదో తేల్చుటకు కంటివైద్యుడు మందు వేసి కంటిపాపను విప్పార్చి లోపల చూడవలెను. పల్లెలో నిది జరుగదు. ఇచ్చట జరుగునది వేఱు. కంట పువ్వు పడినదని ఆకుపసరు పోయించుట, దిష్టి తీయించుట, వీధిలోని ఆర్.ఎం.పి. వైద్యునికడ చుక్కలమందు తెచ్చి నెల దినములు వేయుట. చుక్కలమందుతో ఈ గడ్డ కరగదు. ఆ నెలలో నది కంటినరము వెంబడి మెదడువైపునకు సాగవచ్చును. నెత్తురు ద్వారా యెముకల మూలుగలోనికి పోవచ్చును. కంటిలో నున్నంతవఱకు దాదాపు ప్రతి బిడ్డయు బ్రతుకును. కన్ను దాటినచో బ్రతికించుట బహుకష్టము.

ఈ భేదమునకు ఒక పెద్ద లెక్క కలదు. 2017వ సంవత్సరమున 153 దేశములలో ఈ వ్యాధి క్రొత్తగా బయల్పడిన 4,351 మంది పిల్లల వివరములను వైద్యులు కూడి సేకరించి 2020లో ప్రకటించిరి. ధనిక దేశములలో వ్యాధి గుర్తింపబడునప్పటికి బిడ్డ మధ్యమవయస్సు 14 నెలలు. మిక్కిలి పేద దేశములలో ముప్పది నెలలకు పైగా. ధనిక దేశములలో అప్పటికే కన్ను దాటిన వ్యాధి నూటికి ఇద్దఱికైనను లేదు. పేద దేశములలో నూటికి దాదాపు ఏబదిమందికి. వ్యాధి యచ్చటను ఇచ్చటను ఒక్కటే. ఇంటినుండి వైద్యునికడకు పోవుటకు పట్టిన కాలము వేఱు.

ఇక నకలు వ్రాత సంగతి. మన శరీరమంతయు కంటికి గానరాని కణములతో కట్టబడినది. ప్రతి కణమునందును ఈ దేహమును నిర్మించు విధమెల్ల వ్రాసిన గ్రంథమొకటి యున్నదనుకొనుడు. దానికి అక్షరములు నాలుగే. కాని ఆ నాలుగక్షరములతో కూర్చిన వ్రాత పొడవు సుమారు 300 కోట్ల యక్షరములు. అది 23 సంపుటములుగా నున్నది. ఈ సంపుటములే క్రోమోజోములు. ఒక్కొక్క సంపుటమునకు రెండేసి ప్రతులు: తల్లి యిచ్చినదొకటి, తండ్రి యిచ్చినదొకటి. సంపుటములో నొక్కొక్క పనిని వివరించు ప్రకరణమునకు జన్యువని పేరు. కణము రెండుగా చీలునపుడెల్ల గ్రంథమంతయు నకలు వ్రాయబడును. లేఖకు డెంత నేర్పరియైనను 300 కోట్ల యక్షరములలో తప్పు దొరలక మానునా!

మహాభారతపు వ్రాతప్రతులు రెండు తెచ్చి పోల్చిచూడుడు. పుటపుటకును పాఠభేదములు కనబడును. పెక్కింటివలన అర్థము చెడదు. మనుష్యుల జన్యువులును అట్టివే. ఏ యిద్దఱిని పోల్చినను రమారమి వేయి యక్షరములకొక యక్షరము భిన్నముగా నుండును. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, ఒకరి చాయ వేఱు, ఒకరి గొంతు వేఱు. ఈ భేదములలో వ్రాతకు సంబంధించినంత భాగము పాఠభేదమే. అంతేకాదు, తల్లియందును తండ్రియందును లేని క్రొత్త మార్పులు ప్రతి శిశువునందును 60, 70 వఱకు నుండును. మీయందును నాయందును కలవు. తప్పు లేని ప్రతి లోకమున లేదు.

కాని కొన్ని చోట్ల ఒక్క యక్షరము మారినను కథ తలక్రిందులగును. 13వ సంపుటమున ఆర్.బి.1 అను ప్రకరణము కలదు. "చాలును, ఇక ఆగుము" అని కణమునకు ఆజ్ఞ యిచ్చునది యదియే. 'ఆగుము' అను మాటకు ముందొక హల్లు వచ్చి చేరినంతనే 'సాగుము' అగును గదా! అట్లే యీ ప్రకరణమున మార్పు వచ్చినపుడు ఆగవలసిన కణము సాగిపోవును. ఒక్కొక్కప్పుడు అక్షరము మారును. ఒక్కొక్కప్పుడు పురుగు తొలిచిన ఆకు వలె ప్రకరణమంతయు లోపించును. ఫలమొక్కటే, ఆజ్ఞ వినబడదు.

మఱి రెండు ప్రతులున్నవి గదా, ఒకటి చెడిన రెండవది చదివికొనరాదా యని మీరడుగవచ్చును. ఆ ప్రశ్నయే ఈ శాస్త్రమునకు ప్రాణము. చదివికొనవచ్చును. ఒక ప్రతి బాగుగా నున్నంతకాలము కణము సక్రమముగానే నడచుకొనును. రెండును చెడినపుడే గడ్డ పుట్టును. ఇప్పుడిద్దఱు బిడ్డలను తలచికొనుడు. మొదటి బిడ్డకు పుట్టుకతోనే ఒక ప్రతి చెడి యున్నది, దేహమందలి ప్రతి కణమునందును. కంటితెరలో లక్షలకొలది కణములు చీలుచుండగా ఎచ్చటనో యొకచోట రెండవ ప్రతియు చెడుట దాదాపు నిశ్చయము. ఒక్కచోట గాదు, రెండు కన్నులలోను, పలుచోట్ల, మొదటి సంవత్సరములోనే చెడవచ్చును. రెండవ బిడ్డకు పుట్టుకతో రెండు ప్రతులును మంచివే. ఒకే కణమున రెండును వరుసగా చెడినగాని వ్యాధి రాదు. అట్టిది దైవికముగా జరిగినను ఒక కంటనే, ఒక్క చోటనే, కొంత యాలస్యముగా జరుగును. మొదటిది వంశమునకు ప్రాకగలది. రెండవది ఆ బిడ్డతోనే సరి. నూటికి సుమారు నలుబదిమంది పిల్లలు మొదటి తెగవారు, అఱువదిమంది రెండవ తెగవారు. రెండు కన్నులకు వచ్చినవారందఱును మొదటి తెగవారే. ఒక కంటికి మాత్రమే వచ్చినవారిలోను నూటికి పదునేనుగురు మొదటి తెగకు చెందియుందురు. కావున ఒక కన్నే గదా యని నిశ్చింతగా నుండరాదు.

ఈ సూత్రమును 1971లో అమెరికాలోని హ్యూస్టను నగరమున ఆల్ఫ్రెడ్ నడ్సన్ అను వైద్యుడు కనుగొనెను. ఆయనకు జన్యువు పేరు తెలియదు, అది యెచ్చటనున్నదో తెలియదు. 48 మంది పిల్లల చరిత్రలను ముందుంచుకొని, ఎవరికి ఒక కంట వచ్చినది, ఎవరికి రెండింట, ఎన్నవ నెలలో బయల్పడినది అని లెక్క వేసి, రెండు దెబ్బలు తగిలినగాని యీ వ్యాధి రాదని ఊహించెను. ప్రకరణము చేతికి చిక్కినది పదునైదేండ్ల తరువాత, 1986లో. క్యాన్సరును ఆపు జన్యువులలో మనుష్యులు మొట్టమొదట పట్టుకొన్నది యిదియే. ఒక పాఠము అశుద్ధమని ప్రతి చూడకముందే అర్థమునుబట్టి ఊహించి, పిమ్మట మంచి ప్రతి దొరకి ఊహ నిజమైనపుడు పండితునికి కలుగు సంతోషమెట్టిదో నేనెఱుగుదును. దీని ముందర నాది యే పాటి!

వంశమున ప్రాకునను సంగతి యంతకు మునుపే యొక వైద్యుని కంటబడినది. 1872లో బ్రెజిల్ దేశమున హిలారియో ద గూవేయా అను నేత్రవైద్యుడు ఒక బాలుని కన్ను తీసివేసి ప్రాణము నిలిపెను. ఆ కాలమున ఈ వ్యాధి వచ్చిన బిడ్డలు బ్రతుకుట మిక్కిలి యరుదు. ఈ బాలుడు బ్రతికి, పెరిగి, పెండ్లాడి, బిడ్డలను కనెను. ఆ బిడ్డలలో ఇద్దఱాడుపిల్లలకు రెండు కన్నులలోను అదియే వ్యాధి వచ్చెను. అంతకు పూర్వము వంశపారంపర్యము కనబడకపోవుటకు కారణము విచారకరమైనది. వ్యాధి సోకినవాడు తండ్రి యగువఱకు బ్రతికినగదా సంతానమున దానిని చూచుట!

దూరదేశముల మాట యటుండనిండు. మన హైదరాబాదున జరిగిన పని వినుడు. మిస్సమ్మ చిత్రమును తీసిన ఎల్.వి. ప్రసాదుగారిని మీరెఱుగుదురు. ఆయన కుటుంబము బంజారా కొండలలో నిచ్చిన స్థలమున, గుళ్లపల్లి నాగేశ్వరరావుగారి పూనికతో 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వెలసినది. అందు కంటి క్యాన్సరుకు ప్రత్యేక విభాగము కలదు. జన్యువులను పరిశీలించు ప్రయోగశాలయు కలదు. చిత్రా కన్నబిరాన్ గారును, సంతోష్ హోనవర్, గీతా వేముగంటి మొదలగు వైద్యులును, తోడి పరిశోధకులతో గూడి భారతీయ శిశువులయందు ఆర్.బి.1 ప్రకరణము ఎచ్చటెచ్చట చెడినదో పరిశీలించి 2002లో ప్రకటించిరి. ఒక్కొక్క కుటుంబమున ఒక్కొక్క చోట మార్పు. అందఱికి నొకే తప్పు కాదు. అందుచేత ఒకరి ఫలితము మఱియొకరికి పనికిరాదు, ఏ కుటుంబమున కా కుటుంబమే పరీక్షింపబడవలెను. అదే సంస్థలో కలికి స్వాతిగారు ప్రకటించిన యొక లెక్కలో 1,457 మంది పిల్లలును, వ్యాధిగ్రస్తములైన 2,074 కన్నులును ఉన్నవి. బడిపంతులును గనుక తీసివేత చేసితిని: 617 మంది బిడ్డలకు రెండు కన్నులును. ఆ యంకెను చూచి కొంతసేపు కాగితము ప్రక్కన పెట్టితిని.

ఇపుడు నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. బిడ్డకు ఈ వ్యాధియని తెలిసినంతనే మన యిండ్లలో మొదటి నింద తల్లిమీద పడును. గ్రహణమునాడు కత్తిపీట పట్టినదందురు. కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదందురు. ఆమె పుట్టినింటి రక్తమున దోషమున్నదందురు. మెఱపును మొదట చూచినదియు నామెయే, నింద పడినదియు నామెయే. శాస్త్రము చెప్పునది వినుడు. పుట్టుకతో మార్పు గల బిడ్డలలో నాలుగింట మూడుపాళ్ల మందికి తల్లివైపుగాని తండ్రివైపుగాని వ్యాధి చరిత్ర యేమియు నుండదు. మార్పు ఆ బిడ్డతోనే క్రొత్తగా వచ్చినది. అట్లు క్రొత్తగా వచ్చిన మార్పు ఎవరి ప్రతిలో దొరలినదని 1989లో పరిశోధకులు విచారింపగా, దాదాపు అన్నియు తండ్రినుండి వచ్చిన ప్రతిలోనే కనబడినవి. పురుషబీజములు జీవితాంతము నకలు వ్రాయబడుచునే యుండును గనుక తప్పులు దొరలుట కవకాశ మెక్కువ. ఇక తండ్రిని నిందింపవలెనా? వలదు. అతడు త్రాగినది తిన్నది దీనికి కారణము గాదు, చేసిన పాపము గాదు. లేఖకుని చేయి తొట్రుపడినది, అంతే.

మేనరికము వలన వచ్చినదనువారును కలరు. మేనరికము నిర్దోషమని నేననను. తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి, రెండు చెడిన ప్రతులు కలిసినపుడే వచ్చు వ్యాధులు కొన్ని కలవు. అట్టివి రక్తసంబంధుల వివాహములలో హెచ్చు. ఆదిలాబాదు గోండులలో కనబడు కొడవలి రక్తకణవ్యాధియు రెండు ప్రతులును చెడిననే పూర్తిగా బయల్పడునది. కాని ఈ కంటివ్యాధికి తల్లిదండ్రులలో నొకరినుండి చెడిన ప్రతి యొక్కటి వచ్చిన చాలును. తక్కిన దెబ్బ కంటిలోనే తగులును. మేనమామ బిడ్డయైనను, వేఱు గోత్రము బిడ్డయైనను దీనికి తేడా లేదు.

ఇంకొక సందేహమును ఇచ్చటనే తీర్చవలెను. పిల్లల క్యాన్సరులన్నియు నిట్లే వంశమున దిగునా? దిగవు. పిల్లలలో మిక్కిలి తఱచుగా వచ్చు రక్తపు క్యాన్సరు నెత్తికొనుడు. అందును జన్యువుల పాఠభేదముల ప్రభావము కలదని 2009 నుండి పరిశోధకులు చూపుచున్నారు. కాని ఆ భేదములు సర్వసాధారణములు, మనలో ననేకులయందున్నవి, ఒక్కొక్కటి అపాయమును రవ్వంత మాత్రమే పెంచును. వానివలన వ్యాధి వచ్చి తీరునని చెప్పరాదు. ఆర్.బి.1 సంగతి యట్లు కాదు. చెడిన ప్రతితో పుట్టినవారిలో నూటికి తొంబదిమందికి పైగా వ్యాధి వచ్చును. పాఠభేదమనగానే భయపడరాదు, ఏ చోట నే భేదమని యడుగవలెను. రక్తపు క్యాన్సరు మాట వచ్చినది గనుక మనవాని పేరొకటి తలచుట న్యాయము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలయందు తయారుచేయించిన అమినోప్టెరిన్ అను మందుతోనే, బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆ వ్యాధిగల పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించి 1948లో లోకమునకు ప్రకటించెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు గతించిరి.

ఇక పెద్దలైన మీవలన నగు పని. పట్నపు వైద్యుడు ఈ బిడ్డల తల్లిదండ్రులను మొదట నడుగు ప్రశ్న: మీ యింట నెవరికైన చిన్ననాట కన్ను పోయినదా? ఇరువదియైదేండ్ల తల్లి యేమి చెప్పగలదు? మీకు తెలియును. తద్దినము పెట్టునపుడు మూడు తరముల పేర్లు చెప్పుదురు; పెండ్లి సంబంధమునకు ఏడు తరములు తవ్వి చూతురు. ఆ జ్ఞాపకమున నొంటికంటి మేనత్త, రెండేండ్లకే కన్ను ఉబ్బి చనిపోయిన చిన్నాన్న ఉన్నారేమో తలచి చెప్పుడు. పూర్వము మశూచికమున కన్నులు పోవుట మెండు. అందుచేత కన్ను పోయినవారినందఱిని అమ్మవారు పోసినదనుట వాడుకయైనది. ముఖమున మశూచికపు మచ్చలు లేకయే శైశవమున కన్ను పోయినవారెవరో వేఱుపఱచి చెప్పినచో వైద్యునికి మేలగును. సంబంధములు తప్పునను వెఱపుతో ఇట్టి సంగతులను దాచుట కలదు. దాచిన దానికి వెల చెల్లించునది తరువాత పుట్టు బిడ్డ.

ఒక బిడ్డకు వ్యాధి యని తేలినంతనే తోబుట్టువుల కన్నులను, తల్లిదండ్రుల కన్నులను కూడ పరీక్షింపవలెను. కొందఱి కన్నులలో నీ గడ్డ చిన్ననాడే పుట్టి తానై యణగి, జీవితమంతయు తెలియక యుండును. అట్టి తండ్రికి తన కన్ను చూపించుకొన్నగాని తాను చెడిన ప్రతిని మోయుచున్నట్లు తెలియదు. మఱికొందఱి బీజకణములలో కొన్నిటియందు మాత్రమే మార్పు దాగియుండును. తల్లిదండ్రుల రక్తము నిర్దోషమైనను పైని, క్రింది బిడ్డలను చూపించుట అందుకే.

బారసాలకు, అన్నప్రాశనకు బంధువులెల్ల కూడుదురు గదా. అన్నప్రాశన ఆఱవ నెల; ఈ కన్ను చూచుటకు మంచి సమయము. కొంచెము చీకటి గదిలో దీపము ప్రక్కనుండి చూపి రెండు కంటిపాపలును ఒకే తీరున నున్నవా యని పెద్దలు చూడవచ్చును. 2013 నుండి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమను పేర ప్రభుత్వ వైద్యబృందములు అంగన్‌వాడీలకు వచ్చుచున్నవి. ఆశా కార్యకర్తలు ఇంటింటికి వత్తురు. వారికి చూపుడు. మా ప్రాంతమున మఱియొక సంగతి యున్నది. ఇటుక బట్టీలలో పనికి ఒడిస్సానుండి కుటుంబములు వచ్చి నెలలకొలది యుండును. ఆ బిడ్డలకు తాతలవ్వలు చేరువలో లేరు, భాషయు రాదు. బట్టీ యజమానులును, ఊరిపెద్దలును వారి బిడ్డల కన్నులను కూడ తమ బిడ్డల కన్నులనుగా నెంచవలెను.

చికిత్సను గుఱించి కొంత. సుల్తానాబాదునుండి రాజీవ్ రహదారి మీదుగా హైదరాబాదు సుమారు 190 కిలోమీటర్లు. ఉదయము బయలుదేరిన మధ్యాహ్నమునకు చేరవచ్చును. నేను చెప్పిన నేత్రవైద్య సంస్థలో పేదలకు రుసుము లేక చికిత్స చేయుదురు. 1955లో మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన ప్రభుత్వ క్యాన్సరు వైద్యాలయమును కలదు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నచో వెంట తీసికొని, ఎచ్చట చెల్లునో ముందుగా విచారించుకొనుట మేలు. గడ్డ చిన్నదైనచో లేసరు కిరణముతో కాల్చుదురు, లేదా మంచువలె గడ్డకట్టించి చంపుదురు. పెద్దదైనచో నరమునకు మందులెక్కించి కుదింపజేయుదురు. ఆ మందులలో విన్‌క్రిస్టిన్ అనునది మన పెరటిలోని బిళ్లగన్నేరు నుండి తీసినది. ఇది విని ఎవరును బిళ్లగన్నేరు ఆకు నూఱి పిల్లలకు పోయకుడు! అది విషము, వేలపాళ్ల ఆకునుండి వడగట్టి, రవ్వ తూకముతో నిచ్చు మందునకును పెరటి పసరునకును పోలిక లేదు. ఏ కారణము చేతను కంటిలో సూది గ్రుచ్చి గడ్డను తీసి చూడనీయకుడు. సూది వెంట వ్యాధి వెలుపలికి వచ్చును.

మొత్తము చూపు చెడి గడ్డ కన్నంతయు నిండినపుడు వైద్యుడు కన్ను తీసివేయవలెనని చెప్పును. ఇచ్చటనే మనవారు వెనుదిరుగుదురు. ఆడపిల్లయైనచో మఱియు త్వరగా తిరుగుదురు. ఒంటికంటి పిల్లకు పెండ్లి యగునా యని. రెండు నెలల తరువాత వారే బిడ్డ నెత్తికొని మరల వత్తురు, అప్పటికి చేయదగినది కొంచెమే మిగిలియుండును. ఆ కన్ను చూచుట ఎప్పుడో మానినది. అది యుండుటవలన బిడ్డకు లాభము లేదు, ప్రాణమునకు హాని మాత్రమున్నది. తీసిన చోట చక్కని కృత్రిమనేత్రము నమర్చుదురు. నా బడిలో చదివిన పిల్ల యొకతె అట్టి కంటితో ఛందస్సు నేర్చినది. గణవిభజనలో నామెను మించినవారు ఆ తరగతిలో లేరు. ఏ కన్ను ఏదో నాకు మొదటి మాసమున తెలియలేదు.

కన్ను నయమైనంతనే పని ముగియదు. పుట్టుకతో చెడిన ప్రతి గల బిడ్డకు ఆ మార్పు కంటియందు మాత్రమే కాక దేహమంతట నున్నది. పెద్దయైన తరువాత ఎముకలు మొదలగువానికి వేఱు క్యాన్సరులు వచ్చు అపాయము ఇతరులకంటె హెచ్చు. కంటికి వెలుపలినుండి కిరణచికిత్స చేసినచో ఆ యపాయము మఱింత పెరుగునని తెలిసి, 1990వ దశకమునుండి వైద్యులు సాధ్యమైనంతవఱకు దానిని మానిరి. అట్టి పిల్లవానికి పదేండ్ల తరువాత కాలి యెముక విడువక నొప్పి పెట్టినచో నూనె మర్దనతో సరిపెట్టక, చిన్ననాటి వ్యాధి సంగతి చెప్పి వైద్యునికి చూపవలెను. చికిత్స కాగితములను పెండ్లిపత్రికలవలె భద్రపఱచుడు.

తుదకు పెండ్లి ప్రశ్న. నయమైన బిడ్డ పెరిగి పెండ్లాడవచ్చునా? నిస్సంశయముగా. మార్పు పుట్టుకతో వచ్చినదైనచో అతని సంతానమున ఒక్కొక్క బిడ్డకును చెడిన ప్రతి వచ్చుటకును రాకపోవుటకును సమాన అవకాశము, రెండింట నొకటి. మార్పు దేహమంతట లేదని రక్తపరీక్షలో తేలినచో ఆ భయము చాలమటుకు తీరును. కావున పెండ్లికి ముందే రక్తపరీక్ష చేయించి, ఆ కుటుంబపు మార్పు ఏ యక్షరమున నున్నదో వ్రాయించి పెట్టుకొనవలెను. అది తెలిసియున్నచో బిడ్డ పుట్టిన దినముననే బొడ్డుత్రాటి నెత్తురు తీసి చూడవచ్చును. మార్పు దిగలేదని తేలిన బిడ్డకు మత్తునిచ్చి చేయు పరీక్షలు అక్కఱలేదు. దిగినదని తేలిన బిడ్డకు మొదటి వారములలోనే కన్ను చూచుట మొదలిడుదురు. అప్పటికి గడ్డ యున్నను ఆవగింజంతయే. లేసరుతో కాల్చుదురు, కన్నును నిలుచును, చూపును నిలుచును.